మొత్సెలిసి తల్లి

బిడ్డ కంటే ముందు పేరు పుట్టింది.
లెసోతో కొండల్లో అంతే,
కొత్త కోడలు గడప దాటగానే
అత్త భుజాల మీద ఉన్ని దుప్పటి కప్పి
పుట్టబోయే బిడ్డ పేరుతో పిలుస్తుంది.
నువ్విక మామొత్సెలిసివి, అంది మా అత్త.
మొత్సెలిసి తల్లివి.
మా భాషలో ఓదార్చేవారని అర్థం.
చర్చిలో పరిశుద్ధాత్మనూ ఆ మాటతోనే పిలుస్తాం.

ఆరేళ్లు ఖాళీ ఒడితో ఆ పేరు మోశాను.
ఏడో ఏట పిల్ల వచ్చింది,
ఎడమ చెవి కింద జొన్నగింజంత మచ్చతో.
నాలుగేళ్లు ఉంది.

జూన్ మాకు చలికాలం.
కనుమ దారి మంచుతో మూసుకుపోయింది.
మందుల లారీ అవతలి వైపు ఆగిపోయింది.
నర్సు గుర్రం మీద వచ్చేసరికి నాలుగో రోజు.
ఆమె సంచి విప్పలేదు.
వాకిట్లో గుర్రం ఒళ్లు మాత్రం
ఆవిరి కక్కుతూ ఉంది.

పేరు నిలబెట్టాల్సిన బిడ్డ పోయింది,
పేరు నిలబడే ఉంది.
ఉప్పు కొనబోతే, మామొత్సెలిసీ, చిల్లర లేదు.
ఊట దగ్గర, మామొత్సెలిసీ, నీ బకెట్ నిండింది.
నన్ను ఇంకేదైనా పేరుతో పిలవండి
అన్నాను పాస్టర్ గారితో.
ఆయన తన బూట్ల వంక చూసుకున్నాడు.
మంచివాడే. మాట దొరకలేదు.

గురువారాలు ఆడవాళ్ల ప్రార్థన.
పొయ్యి కోసం వెళ్లాను.
దేవుడికి ఈ సంగతి తెలియాలి.
రేకు కప్పు కింద ఎనిమిది మంది, ఒక ఇనప పొయ్యి.
వాళ్లు మోకరిస్తే నేను కూర్చున్నాను,
వాళ్లు ఆమెన్ అంటే నేను చేతులు కాచుకున్నాను.
నా నోరు గడ్డకట్టిన కుళాయి.
ఎవరూ తిప్పి చూడలేదు.

ముసలి మపులెంగ్ వాక్యాలేవీ మోసుకు రాలేదు.
రెండు రోజులకోసారి గంపెడు పిడకలు దించి
నడుం పట్టుకుని, తుమ్మి, వెళ్లిపోయేది.
ఒక రాత్రి మాత్రం నేర్పింది
నిప్పుని నివురుతో ఎలా జోకొట్టాలో.
ఎక్కువ ఊదకు. కప్పి పడుకో.
పొద్దున పుల్లతో వెతుకు.
వెతికేదాన్ని.
కొన్ని ఉదయాలు దొరికేది కాదు.
అప్పుడు చిప్ప పట్టుకుని ఆమె ఇంటికే వెళ్లేదాన్ని.
ఆ చలికాలమంతా నా విశ్వాసం ఇదే,
అరువు నిప్పు.

ఓ ఆదివారం పాస్టర్ ఆత్మఫలాల గురించి చెబుతుంటే
నా అరచేతులు చూసుకున్నాను.
దొడ్లో ఎండిన పేడ పారతో కోసీ కోసీ
కాయలు కాశాయి.
చెట్లకే కాస్తాయనుకున్నాను ఇన్నాళ్లూ.
రుచీ వాసనా లేని గట్టి కాయలు,
కానీ ఇప్పుడు వేడి గిన్నె పట్టుకున్నా
చెయ్యి కాలదు.

స్నేహితుడి సమాధి దగ్గర ఆయన ఎందుకేడ్చాడని
అడుగుతూనే ఉన్నాను.
లేపబోతున్నానని తెలుసు కదా.
తెలిసీ ఏడ్చాడంటే
ఆశ ఉన్నవాళ్లకు కన్నీళ్లు మాఫీ కావన్నమాట.
ఆ రాత్రి నేనాయన్ని క్షమించలేదు.
కాస్త జరిగి చోటిచ్చాను.

ఆగస్టు చివర,
పీచ్ కొమ్మల మీద మొగ్గ గోరంతైనా లేదు,
గొర్రెలు కాసే మోలేఫి తలుపు బాదాడు.
దిగువ ఇంట్లో కొత్త కోడలికి
పురిట్లోనే బిడ్డ పోయింది.
గడియ పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకుందట.
ఎవర్నీ రానివ్వదట.

పిడకలు గంపకెత్తాను.
చిప్పలో నిప్పు, నిప్పు మీద నివురు.
దారిలో రెండుసార్లు జారాను, ఒకసారి తిట్టాను,
ఆ తిట్టును ప్రార్థనగా మార్చబోయి మానేశాను.

తలుపు అవతల గొంతు, సన్నగా, కోపంగా:
ఎవరు?

ఊరందరి నోటా విన్న మాట
నా నోట ఎలా ఉంటుందో నాకు తెలియదు.
మేజోళ్లు తడిసి కాళ్లు కొంకర్లు పోతున్నాయి.
గాలి చిప్పలోంచి కాస్త నివురు ఎత్తుకుపోయింది.
అడుగున ఎరుపు.

మొత్సెలిసి తల్లిని, అన్నాను.

గడియ తీసిన చప్పుడు కాలేదు.
గంప దించి
గుమ్మం ముందే కూర్చున్నాను.